మొక్కల మీద మంత్రశక్తి ఉన్న పాత్రకు హద్దు ఎక్కడ గీయాలి?

ప్రశ్న: వెలిగొండ నీడ (ఉదయగిరి వైపు)

పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయికి మొక్కల మీద మంత్రశక్తి అబ్బినట్టు ఊహించుకొని ఒక నవల రాస్తున్నాను. కథ జరిగేది ఉదయగిరికీ పామూరుకీ మధ్య, వెలిగొండల అంచున ఉన్న ఒక మెట్ట ఊరిలో. ఆ ఊరికి ఇంకా పేరు పెట్టలేదు. అమ్మాయి ముట్టుకుంటే ఎండిన కొమ్మ చిగురిస్తుంది, పిలిస్తే తీగ కదిలి వస్తుంది. కొండ మీద ఎర్రచందనం నరికించే ముఠా ఒకటి ఈ సంగతి పసిగట్టి, ఏళ్ల తరబడి కాచుకోవలసిన పని లేకుండా మొక్కలను రాత్రికి రాత్రే దుంగలుగా పెంచి ఇమ్మని ఆమెను పట్టి పీడించడం కథలో ప్రధానమైన చిక్కు.

ఇంతవరకు బాగానే ఉంది గాని, ఆ తరువాత కథ ముందుకు కదలడం లేదు. అడిగిందల్లా మొలిపించగల పిల్లకు ఇక కష్టమేముంటుంది? దుండగులు వస్తే కంప అల్లుకుంటుంది, కరువు వస్తే చేను పండుతుంది, అక్కడితో అధ్యాయం ముగుస్తుంది. ఈ శక్తికి ఒక హద్దు ఉండి తీరాలి. అయితే ఆ హద్దు పైనుంచి తెచ్చి అతికించినట్టు కాకుండా, ఆ శక్తి స్వభావంలోనుంచే పుట్టినట్టు ఉండాలన్నది నా పట్టుదల. రోజుకు మూడుసార్లే పనిచేస్తుందనో, తాయెత్తు పోతే పోతుందనో పెట్టే షరతులు నాకు రుచించవు.

మన పురాణాలలోగాని, కావ్యాలలోగాని, బయటి దేశాల చిత్రకథలలోగాని ఇటువంటి పాత్రలను సృష్టించినవారు ఏ హద్దులు పెట్టారో, వాటిలో ఏది మన మెట్ట నేలకు నప్పుతుందో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: పెన్నేటి ఒడ్డు (నెల్లూరు)

తెలుగు పాఠం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని కనుక నా జవాబు కావ్యాల వైపునుంచే వస్తుంది. మన కవులు మొక్కల మీద అధికారాన్ని ఎవరికీ అంత తేలికగా ఇవ్వలేదు. ఇచ్చిన చోట కూడా అది ఆజ్ఞగా కాక చుట్టరికంగానే కనిపిస్తుంది.

కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో మూడో అంకం చూడండి. పూయకుండా మొండికేసిన అశోకాన్ని, అలంకరించుకున్న యువతి పారాణి దిద్దిన పాదంతో తాకితే అది పూస్తుందని కవిసమయం (కవులు తరతరాలుగా పాటించే ఊహ). ఆ వేడుక చేయవలసిన రాణి ధారిణి ఊయల మీదనుంచి పడి కాలికి దెబ్బ తగిలించుకోవడం వల్ల, ఆ పనిని మాళవికకు అప్పగించి, ఐదు రాత్రులలోగా చెట్టు పూస్తే కోరిన కోరిక తీరుస్తానని మాట ఇస్తుంది. మాళవిక చేసేది పాదం తాకించడం వరకే. ఆ తరువాత పూయడమా మానడమా అన్నది చెట్టు ఇష్టం. ఆ ఐదు రాత్రుల ఎదురుచూపు మీదనే రాణి మాట, రాజు ప్రేమ, దాసిగా బతుకుతున్న రాకుమార్తె మాళవిక భవిష్యత్తు అన్నీ వేలాడుతుంటాయి. మీ అమ్మాయి ముట్టుకున్న మరుక్షణం చిగురు రావడం వల్లనే మీ కథకు ఊపిరి ఆడడం లేదని నా అనుమానం. ఫలితాన్ని కొన్ని రోజులు వెనక్కి జరిపి చూడండి.

భాగవతంలోనూ విష్ణుపురాణంలోనూ వచ్చే మారిష కథ మీకు ఇంకా దగ్గరిది. ప్రచేతసులు అనే రాకుమారులు పదిమంది సముద్రంలో దీర్ఘకాలం తపస్సు చేసి బయటికి వచ్చేసరికి భూమి అంతా చెట్లతో కప్పబడి ఉంటుంది. వారు కోపించి నోటినుంచి గాలినీ నిప్పునూ పుట్టించి చెట్లను కాల్చడం మొదలుపెడతారు. అప్పుడు ఓషధులకు రాజైన సోముడు వచ్చి వారిని శాంతపరచి, చెట్లు పెంచిన మారిషను వారికి ఇచ్చి పెళ్లి చేస్తాడు. ప్రమ్లోచ అనే అప్సరస వదిలి వెళ్లిన బిడ్డను చెట్లు సాకాయనీ, ఆకలికి ఏడిస్తే చంద్రుడు తన చూపుడువేలితో అమృతం పట్టాడనీ భాగవతం చెబుతుంది. ఇక్కడ ఓషధులకు ఏలిక అయినవాడు కూడా చెట్లను సైన్యంగా నడిపించలేదు. మధ్యవర్తిగా వచ్చి వియ్యం కుదిర్చి వెళ్లాడు. పైగా ఆ ఏలికకు దక్షుడి శాపం వల్ల క్షయం ఉంది. పక్షం రోజులు పెరిగి పక్షం రోజులు తరిగేవాడి చేతిలో మొక్కలను పెట్టినవారు, మీరు వెతుకుతున్న హద్దును అప్పుడే గీశారనిపిస్తుంది.

శాకంబరి సంగతి మీకు తెలిసే ఉంటుంది. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద ఆషాఢంలో అమ్మవారిని కూరగాయలతో అలంకరించే ఉత్సవం వెనుక కథ అదే: నూరేళ్లు వానలు లేనప్పుడు, మళ్లీ వానలు పడేవరకు, తన శరీరంనుంచే పుట్టించిన శాకాలతో లోకాన్ని పోషిస్తానని దేవీమాహాత్మ్యంలో అమ్మవారు చెబుతుంది. ఎక్కడినుంచో తెప్పించలేదు, తన ఒంటిలోనుంచే ఇచ్చింది. దేవతకు అది చెల్లింది. పదో తరగతి పిల్ల ఒంటినుంచి ఊరంతటికీ తిండి తీయవలసి వస్తే ఏమవుతుందో మీరు ఊహించుకోవచ్చు.

జవాబు: చిత్రకథల పాఠకుడు (ఒంగోలు)

పెన్నేటి ఒడ్డు గారు చెప్పినవి చదవడానికి హాయిగా ఉన్నాయి గాని, నవల చదవబోయే పిల్లలు మధ్యవర్తిత్వం కోసం రారని నా అభిప్రాయం. వారికి తీగ కదలాలి. అందువల్ల ఆజ్ఞాపించే పాత్రల గురించి కూడా చెప్పవలసి ఉంది.

బ్యాట్‌మాన్ కథలలో 1966లో ప్రవేశించిన పాయిజన్ ఐవీ అందరికీ తెలిసిన పేరు. వృక్షశాస్త్రం చదువుకున్న ఆమెకు శక్తిలో కంటే పక్షపాతంలోనే హద్దు ఉంది: మనిషీ మొక్కా ఎదురుపడితే ఆమె మొక్క వైపే నిలబడుతుంది. స్వాంప్ థింగ్ 1971లో వచ్చిన పాత్ర. ప్రమాదంలో చిక్కుకున్న ఒక శాస్త్రవేత్త మొక్కల మనిషిగా మారాడని పాఠకులు చాలాకాలం నమ్మారు. 1984లో అలన్ మూర్ రాసిన సంచికలో, ఆ శాస్త్రవేత్త ఎప్పుడో చనిపోయాడనీ, అతని జ్ఞాపకాలను పీల్చుకున్న మొక్క తానే అతడినని భ్రమపడుతోందనీ తేలుతుంది. ఇంతకంటే గట్టి మలుపు ఈ కోవ కథలలో నేను చదవలేదు. సినిమాల పుణ్యమా అని ముద్దుపాత్రగా మారిన గ్రూట్, 1960లో మొదట కనిపించినప్పుడు భూమి మీదికి దండెత్తి వచ్చిన రాక్షస వృక్షం. తుపాకులకు లొంగని ఆ చెట్టును ఒక శాస్త్రవేత్త చెదపురుగులను వదిలి కూల్చేస్తాడు. చెదలంటే ఏమిటో మన మెట్ట రైతుకు వేరే చెప్పనక్కరలేదు కనుక మీ కథలో ఇది అచ్చంగా ఇమిడిపోతుంది.

మీ కథానాయిక వయసుకు దగ్గరైనది 2021లో వచ్చిన ఎన్‌కాంటో సినిమాలోని ఇసబెల్లా. ఎక్కడికి వెళ్లినా గులాబీలు పూయించే ఆమెకు ఇంటివారి ఆశలే సంకెళ్లు. మొదటిసారి కోపంలో ఒక ముళ్ల జెముడు మొలిచినప్పుడుగాని తాను మరేమైనా పుట్టించగలనని ఆమెకు తెలియదు.

అన్నిటికంటే మీకు పనికివచ్చే ఉదాహరణ అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్ అనే బొమ్మల ధారావాహికలో ఉంది (నీలిరంగు మనుషుల సినిమా కాదు, ఇది వేరు). అందులో చిత్తడి అడవిలో ఉండే ఒకతను తీగలను చేతుల్లా ఆడిస్తాడు. చూసేవారికి అది మొక్కల మీద శక్తి అనిపిస్తుంది. నిజానికి అతనికి తెలిసింది నీటిని కదిలించడం ఒక్కటే, తీగలలో ఉన్న నీటిని కదిలిస్తే తీగ కదులుతుంది. అదే కథలో మరోచోట ఒక ముసలామె, నీరు లేని చోట పోరాడవలసి వస్తే ఏం చేయాలో నేర్పుతూ, చుట్టూ పూసిన ఎర్రని పూలలోని నీటినంతా ఒక్కసారిగా లాగేస్తుంది. పూలు నిలువునా మాడి నల్లబడతాయి. హద్దు, ధర, భయం మూడూ ఆ ఒక్క దృశ్యంలో ఉన్నాయి.

జవాబు: నల్లరేగడి (కందుకూరు)

వ్యవసాయ విస్తరణ పనిలో చాలాకాలం గడిపినవాడిని. పై ఇద్దరూ చెప్పినదానికి నేల వైపునుంచి కొంత చేర్చుతాను, ఎందుకంటే ప్రశ్న అడిగినవారు కోరిన సహజమైన హద్దు మొక్కలోనే ఉంది, కొత్తగా కల్పించనక్కరలేదు.

మొదట రాత్రికి రాత్రే అన్న మాట తీసుకుందాం. మొక్క బరువు ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోవడానికి వాన్ హెల్మాంట్ అనే ఆయన తొట్టిలో ఒక విల్లో మొక్కను నాటి ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు సుమారు 74 కిలోల బరువు పెరిగింది. తొట్టిలోని మట్టి తగ్గింది కేవలం 57 గ్రాములు. 1648లో ఆ ఫలితం అచ్చయింది. అదంతా నీటినుంచే వచ్చిందని ఆయన అనుకున్నాడు గాని, అందులో పెద్ద భాగం గాలిలోని బొగ్గుపులుసు వాయువునుంచి, ఎండ సాయంతో తయారైనదని తరువాతివారు తేల్చారు. కనుక ఎండ లేనిదే మొక్కకు కొత్త సరుకు రాదు. రాత్రిపూట అది పగలు దాచుకున్న చక్కెరను ఖర్చు పెట్టుకోగలదు, అంతే. మీ అమ్మాయి చీకట్లో ఒక చెట్టును బలవంతంగా పెంచితే, ఆ చెట్టు తన వేళ్లలోనూ కాండంలోనూ దాచుకున్నదంతా కరగదీసుకొని పెరుగుతుంది; తెల్లవారేసరికి ఎత్తుగా, పాలిపోయి, గాలికి విరిగేలా ఉంటుంది. చీకట్లో మొలకెత్తిన పెసలు తెల్లగా, సన్నగా సాగడం వంటింట్లో ఎవరైనా చూసే ఉంటారు. అది పెరుగుదలే గాని బలం కాదు.

రెండోది, ఎర్రచందనం. ముఠాకు కావలసింది చెట్టు కాదు, చేవ. చుట్టూ ఉన్న తెల్లచెక్కలో నీరు నడుస్తుంది, అందులో ప్రాణమున్న కణాలు ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతూ, చచ్చేముందు తమలో నింపుకున్న రంగు పదార్థాల వల్ల ఎర్రని చేవగా మారతాయి. అంటే ఆ ఎరుపు చెట్టులో చనిపోయిన భాగం. మీ అమ్మాయి శక్తి బతికిన మొక్క మీద పనిచేసేదైతే, ఆమె ఎంత లావు మానునైనా పెంచగలదు గాని, దాన్ని కోసి చూస్తే తెల్లచెక్క తప్ప ఏమీ ఉండదు. ముఠా నాయకుడు రంపంతో కోయించి, అడ్డకోత మీద చెయ్యి రాసి చూసి, అంగుళమైనా ఎరుపు లేకపోవడంతో ఆమె మోసం చేసిందని అనుకునే ఘట్టం రాస్తే బాగుంటుంది. ఆమె మోసం చేయలేదు. వారు అడిగింది ఆమె చేతిలో లేదు.

మూడోది, నీరు. చిత్రకథల పాఠకుడు గారు చెప్పిన ఉదాహరణ ఇక్కడికే వస్తుంది. వేళ్లు తాగే నీటిలో నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా ఆకులనుంచి ఆవిరైపోతుంది. ఒంటికి పట్టేది కొద్దిపాటిదే. కిలో వడ్లు పండడానికి వాననీరూ కాలువనీరూ కలిపి సగటున 2,500 లీటర్లు కావాలని వరి పరిశోధకులు చెబుతారు. సోమశిల జలాశయం కింద ఉన్న రైతుకు ఈ లెక్క పెద్దగా పట్టదు. కాని మీ కథ మెట్టలో ఉంది. అక్కడ బోర్లు వందల అడుగుల లోతుకు దిగినా నీరు పడుతుందో లేదో తెలియదు. అమ్మాయి జాలిపడి ఒకరి చేను రాత్రికి పచ్చగా చేస్తే, ఆ నీరు ఎక్కడినుంచి వచ్చింది? పక్కవాడి బావినుంచి. ఊరంతా ఆమెను దేవతగా కొలుస్తుండగా, తెల్లారి మోటారు వేసిన ఒక ముసలాయన పైపులోనుంచి గాలి తప్ప నీళ్లు రాక నిలబడిపోతాడు. జామాయిల్ తోటలు వేసినప్పటినుంచి మా బావులు ఎండాయని మన పల్లెల్లో జరిగే తగాదాలు మీరు వినే ఉంటారు. ఇది మంత్రశక్తి వేషం వేసుకున్న ఆ తగాదాయే.

నాలుగోది మీరు అడగలేదు గాని చెప్పకుండా ఉండలేను. మొక్కను శాసించడం అంటే మొలిపించడమే అని ఎందుకు అనుకోవాలి? పొగాకు రైతు చేసే పని చూడండి. మొగ్గ తొడిగిన వెంటనే తల తుంచేస్తాడు. చెట్టు కొనలో పుట్టే ఆక్సిన్ అనే పదార్థం పక్క మొగ్గలను అణచిపెడుతుంటుంది కనుక, తల పోగానే ఆకు ఆకు మొదట్లోనూ పిలకలు లేస్తాయి. వాటినీ గిల్లేస్తే, విత్తనానికి పోవలసిన సత్తువంతా ఆకుకు పడుతుంది, వేళ్లలో తయారయ్యే నికోటిన్ కూడా ఆకులో పెరుగుతుంది. మధ్యాహ్నానికి ఆ మనుషుల వేళ్లు జిగురుతో నల్లబడి, అన్నం ముద్ద కలపబోతే చేదెక్కుతుంది. మొక్కల మీద మనిషికి నిజంగా ఉన్న అధికారం అదే: వద్దు అనడం. మీ అమ్మాయి శక్తి "పూయి" అనడంలో కంటే "పూయకు" అనడంలో ఉంటే కథ వేరే దారి పడుతుంది. 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు, ఎంత ఎత్తు పెరిగినా వేసవిలో పూయని ఒక పొగాకు రకాన్ని పట్టుకొని, పగటి పొద్దు తగ్గిస్తే అది పూస్తుందని కనిపెట్టారు. మొక్కకు పూయమని చెప్పేది చీకటి నిడివి అన్నమాట. ఆ సంగతి తెలిసిన పాత్రకు మంత్రం కూడా అక్కరలేదు, ఒక గోనెపట్టా చాలు.

చివరగా మీకు ప్రతినాయకుడు కావాలంటే మనుషులలోనే వెతకనక్కరలేదు. పొగాకు చేలలో పడే మల్లెను (పూలమల్లె కాదు, పొగాకు వేళ్ల మీద బతికే కలుపుమొక్క) మీ వైపు చూసే ఉంటారు, కలిగిరి, డి.సి.పల్లి వేలం కేంద్రాలకు ఆకు తోలే ఊళ్లకు అది కొత్త కాదు. దానికి పచ్చదనం లేదు, సొంత వంట లేదు. విత్తనం దుమ్ములా ఉండి ఏళ్ల తరబడి నేలలో నిద్రపోతుంది. పొగాకు వేరు దగ్గరికి వచ్చి, ఆ వేరు విడిచే పదార్థం వాసన తగిలినప్పుడే మేలుకొని, వేరుకు అతుక్కొని సారం పీలుస్తుంది. పైన లేత ఊదా పువ్వు కనిపించేసరికి కింద జరగవలసినదంతా జరిగిపోయి ఉంటుంది. మీ అమ్మాయి పొగాకును బలంగా పెంచినకొద్దీ వేరు పెరుగుతుంది, వేరు పెరిగినకొద్దీ మల్లె మేలుకుంటుంది. ఆమె శక్తే శత్రువును పిలుస్తుంది.

వెలిగొండ నీడ

అందరికీ కృతజ్ఞతలు. చేవ సంగతి నా కథను నిలబెట్టింది. ముఠా అడిగేది ఇవ్వలేనిది కనుక, ఆమె లొంగినా తప్పించుకోలేదు. నీటి లెక్కను కూడా తీసుకుంటున్నాను, బావి ఎండిన ముసలాయనను అమ్మాయికి సొంత తాతను చేస్తే ఇంకా పదునుగా ఉంటుందేమో ఆలోచిస్తాను. ఒక్క సందేహం: ఇంత లెక్క చెబితే మంత్రం మంత్రంలా ఉంటుందా, పాఠ్యపుస్తకంలా అవుతుందా?

చిత్రకథల పాఠకుడు

లెక్క మీకు తెలిస్తే చాలు, పాత్రకు తెలియనక్కరలేదు. పాఠకుడికి ఎండిన బావి చూపించండి, లీటర్లు చెప్పకండి. అయితే తీగలు కదిలే ఘట్టాలు మాత్రం తీసేయవద్దు, ఒక్కటైనా ఉండాలి.

పెన్నేటి ఒడ్డు

తాతను చేయవద్దండీ. సొంతవారైతే క్షమించేస్తారు. నీళ్లు పోయినవాడు ఆ ఇంటితో పడనివాడైతేనే ఆమె అతని గడప తొక్కి చెప్పుకోవడం కష్టమవుతుంది. మారిష కథలో సోముడు చేసిన పని అదే కదా, కోపంగా ఉన్నవారి దగ్గరికి వెళ్లి మాట్లాడడం. మీ అమ్మాయికి ఆ ఒక్క ఘట్టం ఇస్తే తీగలన్నిటికంటే అదే గుర్తుంటుంది.

నల్లరేగడి

పెన్నేటి ఒడ్డు గారి మాటతో ఏకీభవిస్తాను. కథాకాలం గురించి కూడా ఒక మాట. ఈశాన్య రుతుపవనాల వానలు ముగిశాక మొదలుపెట్టండి. నేలలో ఇంకా పదును ఉంటుంది, పొగాకు తలలు తుంచే పని వస్తుంది, మల్లె బయటపడుతుంది. ఆమె శక్తి సుఖంగా సాగే రోజులు అవి. ముఠా వచ్చేది మాత్రం ఎండలు ముదిరే వేళకు పెట్టండి. అప్పటికి కొండ మీద ఎర్రచందనం ఆకు రాల్చి మోడుగా ఉంటుంది, ఆకు లేని చెట్టు చక్కెర వండుకోలేదు, బావులలో నీరు అడుగంటుతుంది. వారు అడిగే పనికి ఏడాదిలో అంతకంటే కానికాలం లేదు. ఆ సంగతి వారికి తెలియదు, అమ్మాయికి తెలుసు. చెప్పినా వారు నమ్మరు.